నాలుగు ఓట్ల మెజారిటీ

ఇంద్రేశంలో కంపెనీ బస్సు ఇక మీదట ఒక్కచోటే ఆగుతుంది. ఆ చోటేదో మీలో మీరే ఓట్లేసుకుని తేల్చుకోండని మేనేజరు చేతులు దులుపుకున్నాడు.

శ్రావణ్‌కుమార్‌కు అది కాలనీ గేటు దగ్గరే కావాలి. అతని భార్య అరుణ కూడా అదే కంపెనీలో, ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేస్తుంది. పొద్దుటి షిఫ్టుకు చీకటుండగానే మెయిన్ రోడ్డు దాకా నడవాలి. దారి పొడవునా కుక్కలు. మొన్న ఒకటి చున్నీ పట్టి లాగింది. తనకు నైట్ షిఫ్టు పడిన వారమల్లా, ఆమె ఒంటరిగా నడుస్తుందన్న బెంగతో శ్రావణ్‌కు మెషీన్ దగ్గర ప్రాణం నిలవడం లేదు.

మెయిన్ రోడ్డు మీద చాయ్ హోటల్ నడిపే తాజ్ మొహమ్మద్‌ మాత్రం, బస్సు తన హోటల్ ముందే ఆగాలని పట్టుబట్టాడు. కంపెనీలో ఆయనకు ఓటు లేదు. నోరుంది. అది చాలు.

"బస్సు నా ముంగటనే ఆగుతది. దిగినోడు దిగినట్టు నా చాయ్ తాగాలె, తప్పుతదా?" అంటూ మీసం తిప్పాడు. అంతటితో ఊరుకున్నాడా? హోటల్‌కు ఓటేసినవాళ్లకే చాయ్ ఫ్రీ అన్నాడు. మిగతావాళ్లకు పుండు మీద కారం చల్లినట్టయింది.

ఆదివారం డ్రైవర్ నర్సన్న తన హెల్మెట్‌లో చీటీలు వేయించి లెక్కపెట్టాడు. హోటల్‌కు పద్దెనిమిది. కాలనీ గేటుకు పద్నాలుగు. ఆ రెండూ కాదు, వాటర్ ట్యాంకు దగ్గర ఆపమన్నవాళ్లవి పదమూడు.

"నాలుగు ఓట్ల మెజారిటీ! గెలిచిన!" తాజ్ మొహమ్మద్ గంతేశాడు.

శ్రావణ్‌కు ఒళ్లు మండింది. "గది మెజారిటీ కాదు చాచా. పక్కోనికంటె నాలుగు ఎక్కువొచ్చినయ్, అంతే. సగం దాటితెనే మెజారిటీ."

"పేపర్ల ఏం రాస్తరు బేటా? ఎమ్మెల్యే ఇన్ని వేల మెజారిటీతోని గెలిచిండని రాస్తలేరా? సగం దాటినయా అని ఎవడన్న అడుగుతడా?"

నర్సన్న బుర్ర గోక్కున్నాడు. పేపర్లు అలాగే రాస్తాయి మరి.

"నీ హోటల్ కావాలన్నోళ్లు పద్దెనిమిది మంది. వద్దన్నోళ్లు ఇరవై ఏడు మంది. గిదేం గెలుపు?" అన్నాడు శ్రావణ్.

"గట్లనా? అయితె ట్యాంకు తీసెయ్‌రి. నీ గేటు, నా హోటల్. రెండిట్లకే మల్ల పెట్టుండ్రి. నాకేమన్న డరా?" తాజ్ మొహమ్మద్ తొడ కొట్టాడు.

శ్రావణ్ లోలోపల ఎగిరి గంతేశాడు. తన నెత్తిన తానే మన్ను పోసుకున్నాడు చాచా! వెంటనే ట్యాంకు వాళ్ల దగ్గరికి పరుగెత్తాడు.

"ఆయన పొగరు దించాల్నా, వద్దా?"

ఆ ఒక్క మాట చాలింది. బస్సు ఎక్కడాగినా సరే, ఆ హోటల్ ముందు మాత్రం ఆగొద్దని అందరూ గేటుకే గుద్దారు. గేటుకు ఇరవై ఏడు. హోటల్‌కు అవే పద్దెనిమిది.

ఈలలు వేస్తూ శ్రావణ్‌ను భుజాలకెత్తుకున్నారు. అరుణ అందరి ముందే కళ్లు తుడుచుకుంది. తాజ్ మొహమ్మద్ తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఆ మొహం చూసి శ్రావణ్‌కు మనసు చివుక్కుమంది. పెద్దాయన ముందు మరీ అన్ని ఈలలు వేయాల్సింది కాదు.

"రేపు హోటల్‌కు పోయి మాఫీ అడుగుత" అన్నాడు భార్యతో.

"అడుగు. ఎంతైనా పెద్దమనిషి" అంది అరుణ.

తీరా చూస్తే అంత దూరం పోనక్కర్లేకపోయింది.

సోమవారం పొద్దున అరుణను బస్సెక్కించడానికి గేటు దగ్గరికొస్తే, పక్కనే కొత్త షట్టర్‌లోంచి తాజ్ మొహమ్మద్ రెండు చాయ్ గ్లాసులు చాచి, "పాత హోటల్ రోడ్డు వెడల్పుల పోతున్నదని నెల కిందనే ఇది కిరాయికి పట్టిన బేటా, నేను గేటంటే మీరు ట్యాంకంటరు గద!" అన్నాడు.