అరువు డ్రమ్ములు

"సార్, ఆ బకెట్లు తియ్యకండి!" షైస్తా మిస్ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"తియ్యకుంటే ఎట్లమ్మా? కమిటీ వాళ్లు చూస్తే ఏమనుకుంటారు? ఇది స్కూలా, పెయింట్ల గోడౌనా?" ప్రిన్సిపాల్ షరీఫ్ సార్ చంకలో రెండు, చేతుల్లో రెండు బకెట్లు ఇరికించుకుని అల్మారా వైపు పరుగు తీశాడు.

అరబ్బు దేశంలో, మబేలాలోని ఆ చిన్న ఇండియన్ స్కూలుకు బ్యాండు ఉంది గానీ, అందులో ఒక్క వాయిద్యం లేదు. ఎనిమిదో క్లాసు రజిత వాళ్ల నాన్న భూమేశ్ సైట్ నుంచి తెచ్చిచ్చిన ఖాళీ పెయింటు బకెట్లే డ్రమ్ములు, నెయ్యి డబ్బాలే తాళాలు. వాటితోనే ఆ పన్నెండు మంది పిల్లలు వీధి వీధంతా ఊగేట్టు వాయించేవాళ్లు. స్కూళ్ల బోర్డు పిల్లల కార్యక్రమాలకు గ్రాంటు ఇస్తానని పోటీ పెడితే, వడపోతలన్నీ దాటుకుని చివరికి రెండే స్కూళ్లు మిగిలాయి. ఒకటి ఇది, రెండోది బహ్లాలోది. గెలిచే బడి ఒక్కటే. గ్రాంటు రాకపోతే బ్యాండు ఎత్తేసి, ఈ గదిని పాత బెంచీలకు ఇచ్చేస్తామని మేనేజ్‌మెంట్ ఖరాఖండిగా చెప్పేసింది.

కమిటీ చెప్పా పెట్టకుండా వస్తుందన్నది రూలు. అయితే ఆ కమిటీ కారు డ్రైవరు మన షరీఫ్ సార్‌కు దోస్తు. నిన్న మధ్యాహ్నమే చెవిన వేశాడు. అంతే, సార్‌కు కాలు నిలవలేదు.

"ఉన్నోళ్లకు గ్రాంటు ఎందుకిస్తరు సార్? లేనోళ్లకే ఇస్తరు! బకెట్లే చూపిద్దాం" అంది షైస్తా.

"నా ఇరవయ్యేండ్ల సర్వీసులో ఎన్ని ఇన్‌స్పెక్షన్లు చూసినా! తనిఖీ అంటే ఇంటికి చుట్టాలొచ్చినట్టు. చినిగిన దుప్పటి దాస్తాం గానీ, పరిచి చూపిస్తామా?"

అంతలో బయట హారన్ మోగింది. తెల్లారకముందే సార్ పంపిన స్కూలు బస్సు డ్రైవరు దస్తగిర్ పికప్ బండి దిగాడు. బండి నిండా దుమ్ము, దుమ్ము కింద డ్రమ్ములు! పెద్దవి, చిన్నవి, దులిపితే తళతళా మెరిసిపోతున్నాయి. పిల్లలు ఎగిరి గంతులేశారు.

"మా బావమరిది కాడ తెచ్చినా సార్. రెండు గంటల దారి. ఆరు అడిగితే పద్నాలుగు ఇచ్చినాడు! స్టిక్కర్లు గూడా ఆయనే పీకేసినాడు. పైగా ఇదో, కర్జూరం డబ్బా."

"నీ బావమరిది బంగారమయ్యా!" అన్నాడు సార్. ఎవరు, ఎక్కడ అని అడిగే తీరిక ఎవరికుంది?

ఎరువు సొమ్ములు బరువు చేటని షైస్తా గొణిగింది. వినేవాళ్లు లేరు.

పన్నెండు గంటలకు కమిటీ దిగింది. ముందు నడిచిన షంషాద్ మేడమ్‌ది హైదరాబాదే. రజిత పుల్లలు గాల్లోకి ఎగరేసి పట్టుకుంది. ఇక చూస్కోండి, దరువు! కిటికీ అద్దాలు వణికాయి. మేడమ్ చెప్పుతో తాళం వేసింది, కమిటీలో బట్టతల పెద్దాయన భుజాలు ఎగరేశాడు. ఆ ఊపుకు అల్మారా తలుపు తెరుచుకుంది. బకెట్లు ఢమాలున దొర్లుకుంటూ వచ్చి మేడమ్ కాళ్ల దగ్గర ఆగాయి.

"పెయింటింగ్ వర్క్ నడుస్తా ఉంది మేడమ్!" అన్నాడు షరీఫ్ సార్ తడుముకోకుండా.

షైస్తా ఉన్న మాట చెప్పేద్దామని నోరు తెరిచింది. సార్ బూటు ఆమె కాలి మీద పడింది.

"మాషా అల్లా! ఇంత మంచి సెట్టు పెద్ద పెద్ద స్కూళ్లల్ల కూడా లేదు" అంది మేడమ్. సార్ ముఖం వెలిగిపోయింది. "మీకు ఇంక మా సాయం ఎందుకు సార్? పొద్దున బహ్లా పోయొచ్చినం. పాపం, ఆ గదిల ఒక్క డ్రమ్ము లేదు. పిల్లలు బల్లలు చరుస్తున్నరు. మా అందరికీ కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఇప్పుడు మీ సెట్టు చూసినంక తేలిపోయింది, గ్రాంటు వాళ్లకే."

కమిటీ కారు కదిలిపోయింది. షరీఫ్ సార్ బకెట్ బోర్లించి దాని మీద కూలబడ్డాడు. రజిత పుల్లలు కింద పెట్టి ముఖం తిప్పుకుంది. దస్తగిర్ మాత్రం తల గోక్కుంటూ ముందుకొచ్చాడు.

"సార్... ఈ డ్రమ్ములు బహ్లావే. మా బావమరిది ఫజల్ ఆ స్కూల్లోనే బ్యాండ్ మాస్టరు."

షైస్తాకు ముందు ఏడుపొచ్చింది, ఆ తర్వాత నవ్వు తన్నుకొచ్చింది. గోడకు ఆనుకుని కడుపు పట్టుకుంది. ఆమెను చూసి పిల్లలూ మొదలుపెట్టారు. అప్పుడే దస్తగిర్ ఫోను మోగింది. స్పీకర్ నొక్కాడు.

"బావా, గ్రాంటు మాకొచ్చె! కొత్త డ్రమ్ములు కొంటాండాం. నీ కాడ ఉండేటివి తిరిగి తేవద్దు, మీ పిల్లోళ్లకే ఉంచుకోండి!"

గది అదిరిపోయేట్టు కేకలు. రజిత అప్పుడే పుల్లలందుకుంది. షరీఫ్ సార్ బకెట్ మీదే చిందులేశాడు.

దస్తగిర్ ఫోను నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. "ఇంత మంచి మనసు యాడిదిరా ఫజలూ నీకు? అడిగీ అడగంగానే అన్నీ ఎత్తి ఇచ్చేస్తివే!"

"మనసేంది బావా! కమిటీ వస్తాందని నాకూ ముందే తెలిసి, ఆ పద్నాలుగు డ్రమ్ములు యాడ దాయాల్రా దేవుడా అని నేను చస్తాంటే, నువ్వే బండేసుకోని వస్తివి!"