ఐదు వోల్టులు

తాళం తిప్పితే ఇంజను నాలుగు క్షణాలు తిరిగి ఆగిపోతోంది. డేవిడ్‌రాజు ఏడోసారి తిప్పాడు. ఏడోసారీ అంతే.

ప్రొక్లెయిన్ ముందు పన్నెండు అడుగుల లోతు గుంట. ఉదయగిరి నుంచి ఆత్మకూరు వెళ్లే రోడ్డుకు కొత్త కల్వర్టు కట్టాలని తవ్వారు. అడుగున పెద్ద సిమెంటు పైపులు పరిచారు. పొద్దున నీళ్లు తోడే మోటారు ఆగిపోతే, చూసొస్తానని ఒక మనిషి దిగాడు. తొమ్మిదిన్నరకు గట్టు జారింది. ఆ మనిషి పైపులోకి దూరడం కూలిపనికి వచ్చిన రాహేలమ్మ చూసింది. ఆ వెనకే పైపు రెండు వైపులా మట్టి మూసుకుపోయింది.

కూలీలు పారలతో దిగారు. ఒక పార తీస్తే మూడు పారల ఇసుకమట్టి జారుతోంది. ఇంకో మెషిన్ ఉదయగిరి నుంచి లారీ మీద రావాలి. రెండు గంటలు పడుతుందన్నారు. పైపులో గాలి ఎంతసేపు సరిపోతుందని ఎవరూ అడగలేదు.

ఉన్న మెషిన్ నిన్నటి నుంచీ మొరాయిస్తోంది. ఆత్మకూరు మెకానిక్ మల్లికార్జున నిన్న సాయంత్రం వచ్చి చూశాడు. సెన్సర్ల వైరింగులో ఏదో ఉంది, రేపు తేలుస్తానన్నాడు. టూల్‌బాక్సు మెషిన్ దగ్గరే పెట్టి వెళ్లాడు. డేవిడ్‌రాజు తొమ్మిదేళ్లుగా ఆపరేటరు. బకెట్టుతో కోడిగుడ్డు ఎత్తమన్నా ఎత్తుతాడు గానీ, వోల్టులు చూసే మీటరు చేత్తో పట్టుకోవడం ఇదే మొదటిసారి.

ఫోన్ మల్లికార్జునే చేశాడు. మాట తెగి తెగి వస్తోంది. డేవిడ్‌రాజు రెండు చేతులూ ఇంజనులో ఉన్నాయి. రాహేలమ్మ మెషిన్ ట్రాక్ మీదికెక్కి నిలబడి, ఫోన్ అతని చెవికి ఆనించి పట్టుకుంది.

"నా ఫోన్లో ఛార్జి తక్కువుండాది. అడిగిందానికే చెప్పు," అన్నాడు మల్లికార్జున. తాళం ఆన్‌లో పెట్టి, ఒక సెన్సర్ పీకి, మీటరు నల్ల వైరు ఇంజను బాడీకి, ఎర్ర వైరు సాకెట్లో నడిమి పిన్నుకు పెట్టమన్నాడు. "ఎంత చూపిస్తాండాది?"

"సున్నా పాయింట్ ఎనిమిది అన్నా."

"ఐదు వోల్టులుండాల."

తర్వాత నిదానంగా విడమరిచి చెప్పాడు. ఇంజన్ను నడిపే కంప్యూటరు నుంచి వచ్చే ఒకే లైను మీద మూడు సెన్సర్లున్నాయి. వాటిలో ఒకటి పాడై ఆ ఐదు వోల్టులూ మింగేస్తే, మిగతా రెండూ చచ్చినట్టే కనపడతాయి. అప్పుడు కంప్యూటరు ఇంజన్ను ఆపేస్తుంది. అందుకని ఒకదాని తర్వాత ఒకటి పీకి, పీకినప్పుడల్లా మీటరు చూడాలి. తొందరపడి గుంజితే పిన్నులు వంగుతాయి, జాగ్రత్త అన్నాడు.

మొదటిది పీకినా మీటరు ఎక్కలేదు. రెండోది ఎక్కడో లోపల ఉంది. చెయ్యి పట్టడం లేదు. మెటికలు చెక్కుకుపోయి రక్తం కారింది. అది ఊడి వచ్చేసరికి పది నిమిషాలయింది. సున్నా పాయింట్ ఎనిమిది. మూడోదీ పీకాడు. సున్నా పాయింట్ ఎనిమిదే.

డేవిడ్‌రాజు మీటరు కింద పెట్టేశాడు.

"ఇది నా వల్ల కాదన్నా."

అవతల నుంచి దగ్గు వినిపించింది. "టైమెంత?" అన్నాడు మల్లికార్జున.

పదీ నలభై అని రాహేలమ్మ చెప్పింది.

"నీ వల్ల కాకపోతే ఇంకెవురి వల్లయితాది రా. మీటరు తీసుకో. సెన్సర్లు మూడూ మంచివే. తప్పు వైర్లో ఉండాది."

ఇంజను వెనకమాల వైర్ల కట్ట ఇనప బ్రాకెట్టు పక్కనుంచి పోతుందనీ, అది ఒరుసుకునే చోటు కంటికి ఆనదనీ, చేత్తోనే తడమాలనీ చెప్పాడు. ఒక్కో ముక్కకీ ఆగుతున్నాడు. సిగ్నలు పోతున్నట్టుందని కూలీల్లో ఒకడు అన్నాడు. రాహేలమ్మ అతనివైపు చూసింది.

డేవిడ్‌రాజు భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టాడు. వైర్ల కట్ట మీద వేళ్లు నెమ్మదిగా జరిపాడు. ఒకచోట ప్లాస్టిక్ తొడుగు అరిగిపోయి రాగి తగిలింది.

"దొరికిందన్నా. వైరు గీసుకుపోయి బ్రాకెట్టుకు ఆనుకోనుండాది."

"ఎడంగా లాగు," అన్నాడు మల్లికార్జున. చాలాసేపటికి మళ్లీ అన్నాడు. "టేపు చుట్టు. బాగా..."

వైరును బ్రాకెట్టుకు దూరంగా లాగి కట్టాడు. టేపు చుట్టాడు. చెమటకు టేపు అంటుకోకపోతే రాహేలమ్మ కొంగుతో వైరు తుడిచింది. మళ్లీ చుట్టాడు. మీటరు పెట్టి చూశాడు. అంకె మారింది.

"ఐదొచ్చిందన్నా."

సెన్సర్లు మూడూ తగిలిస్తూ ఇంకోసారి చెప్పాడు. రాహేలమ్మ ఫోన్ తన చెవికి పెట్టుకుంది. కళ్లు మూసుకుని వింది.

"లైన్లోనే ఉండాడు. పలకడం లేదు," అంది. ఫోన్ అతనికిచ్చి కిందికి దిగింది.

డేవిడ్‌రాజు సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. ఇంజను అందుకుంది. నాలుగు క్షణాలు దాటాయి. పది దాటాయి. నిమిషం దాటింది. పొగ గొట్టం నుంచి నల్లటి పొగ తెరలుగా లేచింది. గట్టు మీద ఒక్కరి మొహమూ విప్పారలేదు. గుంటలో కూలీలు పారలు వదిలేసి పైకొచ్చి నిలబడ్డారు.

అప్పటికి పదకొండుంపావు. అతను ఫోన్ కట్ చెయ్యకుండానే చొక్కా జేబులో వేసుకుని, లివర్లు పట్టుకుని, మల్లికార్జున దూరిన పైపు మీది మట్టిలోకి బకెట్టు దించాడు.