సింధూరి గదిలో దగ్గు

మా అమ్మాయి సింధూరి గవర్నర్‌పేటలో హాస్టల్లో ఉంటుంది. సెలవులకొచ్చినప్పుడు దానికి తెలియకుండా దాని ఫోన్‌లో ఏదో యాప్ వేయించాను. “అక్కడి చప్పుళ్ళన్నీ మీకొక్కరికే వినబడతాయాంటీ” అన్నాడు సెల్‌షాపతను.

రోజూ రాత్రి దొంగలా నా ఫోన్ చెవికి ఆనించుకుని, అది నిద్రలో తీసే ఊపిరి వింటేగానీ నాకు కన్ను మూతపడదు.

నిన్న ఆ ఊపిరి పక్కనే ఎవరో మగమనిషి దగ్గాడు. వెంటనే దానికి ఫోన్ చేశాను.

“గదిలో ఎవరే?”

“నేనొక్కదాన్నేనమ్మా! గడియ కూడా పెట్టుకున్నా. పీడకలేమైనా వచ్చిందా? పడుకోవే తల్లీ.”

దగ్గు విన్నానని చెబితే, ఎలా విన్నావంటుంది. సిగ్గేసి, పీడకలేనన్నాను. పెట్టేశాను.

అది నిద్రపోయాక మళ్ళీ విన్నాను.

“చెప్పకుండా మంచి పని చేశారాంటీ,” అంది మగగొంతు, మెల్లగా, దానికి మెలకువ రాకుండా.