పైగది వైరు

కంప్యూటర్ మళ్లీ బిగుసుకుపోయింది.

వీణకు ఏడుపొచ్చింది. అరచేత్తో దాని నెత్తిన రెండు వేసింది.

"కొట్టకు బిడ్డా. కొడితే పాట దిగదు."

గుమ్మంలో వైకుంఠం నిలబడి ఉన్నాడు. ఈ మధ్యే పైగదిలో అద్దెకు దిగిన పెద్దమనిషి. ఎక్కడివాడో, ఏం చేసేవాడో సందులో ఎవరికీ తెలియదు.

"పాట సంగతి నీకెట్ల తెలుసు బాపూ?"

"మీ కిటికీ మెట్ల దిక్కే గదా. ఎక్కుతుంటే వినబడ్డది."

గోడలకు చెవులుంటాయని వీణ విన్నది గానీ, ఆ చెవులు ఇలా ఎదురుగా వచ్చి నిలబడతాయనుకోలేదు.

వీణ అమ్మ కృష్ణమ్మ పోయి రెండు నెలలు. పోయేముందు చెల్లెలి కూతురి పెళ్లిలో అప్పగింతల పాట పాడింది. ఆ గొంతు ఇంకెక్కడా లేదు. కెమెరా అతను పెళ్లి వీడియో అంతా ఒకే జిప్ మూటగా కట్టి లింకు పంపాడు. తన దగ్గరున్నది చెరిపేసి, ఆ డిస్కులో ఇంకో పెళ్లి నింపుకున్నాడు. సీజన్‌లో వాళ్ల పద్ధతి అంతే. శుక్రవారం సాయంత్రం ఆరు దాటితే లింకు కూడా ఉండదు. మూట పూర్తిగా దిగితే తప్ప విప్పడానికి వీల్లేదు.

వీణదేమో సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్. ఉచితంగా వస్తుందని అమ్మినవాడు అందులో విండోస్ బదులు లినక్స్ వేసిచ్చాడు. సగం దిగగానే అది కదలదు, మెదలదు. ఆపి మళ్లీ పెడితే మొదటికొస్తుంది.

వైకుంఠం అడగకుండానే కూర్చున్నాడు. నల్లటి తెర ఒకటి తెరిచి ఏదో కొట్టాడు.

"ఏం రాస్తున్నవ్?" వీణ గొంతులో అనుమానం.

"ఆగిన కాడి నుంచే దిగమంటున్న. బ్రౌజర్ తెర్వకు, మెమరీ అంత అదే తింటున్నది. మల్ల బిగుసుకుంటే ఆపి పెట్టి, గీ లైనే కొట్టు. సున్నా కాడికి పోదు."

నిజంగానే పోలేదు. మర్నాడు, శనివారానికి పావువంతు దిగింది.

వీణ మొగుడు ప్రేమ్‌రాజ్ మాత్రం సంతోషపడలేదు. అతను కంచన్‌బాగ్‌లో ఉన్న రక్షణ శాఖ ల్యాబులో కాంట్రాక్టు పని చేస్తాడు.

"మా కాడ పెన్‌డ్రైవ్ గూడ గేటు దాటనియ్యరు. నువ్వేమో ముక్కూమొహం తెల్వనోనికి కీబోర్డే ఇచ్చినవ్!"

"పాట దిగుతున్నది గదయ్యా."

"పాటే దిగుతున్నదో, మన గుట్టంత పైకెక్కుతున్నదో!"

అనుమానం పెనుభూతం. ఆనాటి నుంచి వైకుంఠం మెట్లు దిగుతుంటే వీణ తలుపేసుకునేది.

"ఎంతైంది బిడ్డా?" అని బయటి నుంచే అడిగేవాడు.

"అయితున్నది," అని లోపలి నుంచే అనేది. ఆదివారం రాత్రి వానకు నెట్ పోయింది గానీ, సోమవారం ఆమె దుకాణం నుంచి వచ్చేసరికి వచ్చేసింది.

శుక్రవారం వచ్చింది. వీణ లాడ్ బజార్‌లో తను పనిచేసే గాజుల దుకాణానికి సెలవు పెట్టి కూర్చుంది. మధ్యాహ్నానికి నూటికి తొంభై పాళ్లు దిగింది. ఆమె ప్రాణం సగం కుదుటపడింది.

డ్యూటీ ముగించుకొచ్చి, నీళ్ల ట్యాంకు చూడ్డానికి పైకెక్కిన ప్రేమ్‌రాజ్ అక్కడి నుంచే కేకేశాడు.

"వీణా, ఇటు రా!"

పైగది వెంటిలేటర్ లోంచి కొత్త తెల్ల వైరు ఒకటి గోడ వెంట జారి, వాళ్ల కిటికీలోకి దూరింది.

"గిదా సంగతి! మన నెట్ గుంజుకుంటున్నడు. అందుకే సోమవారం నుంచి గింత మెల్లగ దిగుతున్నది."

వైకుంఠం గదికి తాళం వేసి ఉంది. ప్రేమ్‌రాజ్ కటింగ్ ప్లేయర్ తెచ్చాడు. కోయాలా అన్నట్టు వీణ వైపు చూశాడు.

"కొయ్యి," అంది వీణ.

కిందికొచ్చి చూస్తే పాట దిగడం ఆగిపోయి ఉంది. వీణ కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టింది. లైను కొట్టింది. మళ్లీ కొట్టింది. కనెక్షన్ లేదంటుంది తెర.

"కంప్యూటర్‌ల ఏదో పెట్టిండు వాడు!" అన్నాడు ప్రేమ్‌రాజ్.

ఫోన్ నెట్ కలిపితే, ఆ ఇరుకు సందులో సిగ్నల్ ఒక్క గీత దాటలేదు. కేబుల్ ఎల్లప్పకు ఫోన్ చేస్తే "నయాపూల్ కాడున్న, వస్తున్న" అని పెట్టేశాడు. కేబుల్ వాళ్ల "వస్తున్న" ఎంత దూరమో అందరికీ తెలిసిందే.

ఆరు దాటింది. లింకు చెరిగిపోయింది.

అమ్మ పోయిన రోజు కూడా వీణ అంతగా ఏడవలేదు.

ప్రేమ్‌రాజ్ లొల్లికి ఇంటి ఓనరు సక్కుబాయి వచ్చింది. దొంగలకు తన ఇంట్లో చోటు లేదని, తన దగ్గరున్న రెండో తాళంచెవితో పైగది తీసి, అతని సంచీ తెచ్చి మెట్ల మీద పెట్టింది.

కాసేపటికి వైకుంఠం వచ్చాడు. సంచీని చూశాడు. గోడకు వేలాడుతున్న తెగిన వైరును చూశాడు.

"పాట దిగిందా బిడ్డా?"

"నీ పుణ్యాన దిగలే!"

ఆయన ఏడ్చి ఏడ్చి ఉబ్బిన వీణ ముఖం చూశాడు. సంచీ భుజానికేసుకుని సందు మలుపు తిరిగిపోయాడు.

అప్పుడొచ్చాడు ఎల్లప్ప, కొత్త కేబుల్ చుట్ట పట్టుకుని.

"ఇగో వదినా, ఇయ్యాలటికి దొరికింది. మీ లైన్ ఆదివారం వానకే కాలిపోయింది గదా."

"ఇయ్యాల మధ్యాహ్నం దాక వచ్చింది గదా నెట్!"

ఎల్లప్ప కళ్లు తెల్ల వైరు మీద పడ్డాయి.

"అయ్యో, దీన్నెవరు కోసిండ్రు?"

"మేమే. పైగదాయన మా నెట్ దొంగిలిస్తుంటే..."

"దొంగిలించనీకి మీ నెట్ ఏడుంది వదినా? సోమవారం నువ్వు దుకాణం పోయినంక, ఆయన లైనే ఈ వైరుతోని మీకు ఇప్పించిండు. ఇన్ని రోజులు దిగిందంత ఆయన నెట్టే."

వీణ తెగిన వైరు కొస చేతిలోకి తీసుకుంది.

"మరి... మాతోని ఒక్క మాట ఎందుకు చెప్పలే?"

"నేను చెప్తనంటే ఆయనే వద్దన్నడు. 'ఆ బిడ్డకు నేనంటే అనుమానం ఎల్లప్పా, తెలిస్తే వైరు తీసేయిస్తది, తల్లి పాట ఆగిపోతది' అన్నడు."