ఎడంచేతి ముడి

బల్లమీద పాచికలేసి ఆడే కథల ఆట కోసం మా మనవరాలు ఆశ, సముద్రం అడుగున తిరిగే ఇనుప మరబొమ్మ పాత్రను తయారుచేస్తోంది. కోతలు కోయడంలో జాలరిపేటలో నన్ను మించినవాడు లేడు కనుక పొద్దున దాని కథంతా నేనే అల్లాను. మధ్యాహ్నం పూర్ణా మార్కెట్‌కి వెళ్లి చీకటిపడ్డాక వచ్చేసరికి దాని బొమ్మ గీసి చూపించింది. బొమ్మలో దాని ఒంటికి ఓడ రేకులను తాళ్లతో కట్టింది. ముడులన్నీ ఎడంచేతివి.

మా పేటలో వల ముడి చూస్తే కట్టిందెవరో తెలిసిపోతుంది. ఎడంచేత్తో కట్టినవాడు అచ్చం నా పోలికే ఉండే మా తమ్ముడొక్కడే. చేపల వేటకెళ్లి ఇరవయ్యేళ్లయినా వాడు తిరిగి రాలేదు.

"ఈ ముడి ఎవులు సెప్పినారే? ముసలోడితో ఆటలా?"

"నీ కోతలకన్నా నయమే తాతా! అరుగు మీద మన వల సూసి గీసినాను."

ఆ వల నిన్న చిరిగింది. తెల్లారితే నా కొడుకు దొరబాబు దాంతోనే వేటకెళ్లాలి. టార్చి వేసి చూశాను. చిరుగంతా అల్లేసి ఉంది. ముడులన్నీ ఎడంచేతివే, ఇంకా తడిగా ఉన్నాయి.

"దొరబాబూ, ఎవులు బాగుసేసినార్రా ఇది?"

"అదేటి నాన్నా? సాయంత్రమల్లా నువ్వే కదా కూకుని అల్లినావు! పిలిస్తే పలకనేదు."

నవ్వు దాచుకుంటున్నాడేమోనని వాడి మొహంలోకి చూశాను. నవ్వు లేదు.

ఈ వలతో వాణ్ని పంపకూడదనుకుని కత్తి తెచ్చి మొదటి ముడి కోశాను.

అరుగు చివర చీకట్లో ఎవరో "అబ్బా" అన్నారు.