బాతు పొట్టకి మూడు కుట్లు

కుక్కల షెల్టర్ నుంచి తెచ్చుకున్న మా కుక్కకి క్షణం కుదురుండదు. లోకమంతా దానికి ఒక్క గుడ్డ బాతు బొమ్మే. రోజూ ఆ బాతు పొట్ట చింపి, దూది ఈడ్చుకుంటూ వచ్చి, మిషన్ కుడుతున్న నా ఒళ్లో పడేస్తుంది.

"ప్యాంట్ల వాళ్లు వారం నుంచి తిరుగుతున్నారు. మీరు బాతుకి ఆపరేషన్లు చేస్తూ కూర్చోండి," అంది మా ఆవిడ.

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఇరవై ఏళ్ల టైలర్ని! జీన్స్ దారంతో మూడు వరసలు బిగించి కుట్టాను.

"ఇప్పుడు చింపవే, చూద్దాం!"

చింపలేకపోయింది. బాతుని కరుచుకుని సాయంత్రం దాకా గుమ్మంలోనే పడుకుంది. నా వైపు కన్నెత్తి చూడలేదు. నాలుగు ప్యాంట్లు పూర్తయ్యాయి. మా ఆవిడ మెచ్చుకుంది కూడా.

మర్నాడు ఆవిడ స్నానానికి వెళ్లగానే, బ్లేడుతో ఆ మూడు వరసలూ నేనే విప్పేసి, ఏమీ ఎరగనట్టు మిషన్ ముందు కూర్చున్నాను.