సూర్యుడి వైపు గీసిన గీతలు

ఒక చిత్తడి నేలలో ధవళుడు, పింగళ అనే కొంగల జంట ఉండేది. ఆ ఏడు చలి ముదిరింది. ఎంత పొదిగినా గూటిలోని మూడు గుడ్లూ చల్లబడిపోతున్నాయి.

"సూర్యుడు ఆ కొండ వెనకే ఉంటాడు. రేపు ఎగిరి వెళ్లి, కాస్త దగ్గరికి రమ్మని బతిమాలతాను," అన్నాడు ధవళుడు.

"ముందు ఎంత దూరమో చూసుకుందాం. దారిలో మీకేమైనా అయితే వీటిని నేనొక్కదాన్నే కాపాడలేను," అంది పింగళ.

తెల్లవారుతుండగా గుడ్ల మీద ఎండుగడ్డి కప్పి, ఇద్దరూ బురదలో వంద తాబేలు అడుగుల ఎడంగా నిలబడ్డారు. ఎదుటి తుమ్మచెట్టు వైపు ముక్కులతో చెరో గీత గీశారు. పొరుగునుండే ముసలి తాబేలు గీతల చివర్ల మధ్య నడిచి చూసింది. అరవై అడుగులే. చెట్టు దగ్గరిది కనుక గీతలు దగ్గరపడ్డాయి. కొండ వైపు అంతే పొడవు గీస్తే తొంభై తొమ్మిది వచ్చింది.

అంతలో సూర్యుడు పొడిచాడు. ఆయన వైపు గీశారు. తాబేలు రెండుసార్లు నడిచింది.

"వందకు వంద. ఇవి కొంచెమైనా దగ్గరపడలేదు. కొండ ఎక్కడ, ఆయన ఎక్కడ! నీ రెక్కలకు అందే దూరం కాదు నాయనా," అంది.

ధవళుడు గూటి వైపు తిరిగాడు. లేత ఎండ అతని వీపును తాకింది.

"అంత దూరం నుంచి వచ్చినా ఇంకా వెచ్చగానే ఉంది పింగళా," అన్నాడు మెల్లగా.

ఆ రోజు నుంచి అతను గూటికి గాలి వీచే వైపు రెక్కలు చాచి నిలబడ్డాడు. ఎండ వచ్చే వైపు తెరిచి ఉంచాడు. పన్నెండో ఉదయం ఒక గుడ్డు లోపలి నుంచి ఎవరో తట్టారు.